విత్తనాల ఇంటి పైన కుంట

మబ్బు పట్టగానే మా ఊళ్ళో అందరూ ఆకాశం వైపు చూస్తారు. నేను కొండ మీది కుంట వైపు చూస్తాను. వాన మమ్మల్ని అడిగి రాదు. కుంట మాత్రం అడిగే వచ్చింది, మేమే సరేనని తవ్వించుకున్నాం. పిలిచి తెచ్చుకున్న భయం చుట్టంలాంటిది, పొమ్మనలేం.

అరకు నుంచి జీపు ఎంతవరకు పోగలదో అంతవరకు పోయి, అది ఆగిపోయిన చోట దిగి నడిస్తే మా ఊరు. ఊరికి పైన కాఫీ తోటలు, కింద సామలు, చోళ్ళనే రాగులు పండే నేల. నేను డిగ్రీ పూర్తి చేసి, ఉద్యోగం వచ్చేదాకా అని చెప్పి ఇంటికొచ్చేశాను. ఉద్యోగం కూడా జీపు లాగే ఉంది. ఎక్కడో దారిలో ఆగిపోయింది, దిగి నడవడం దానికి ఇష్టం లేదు.

ఆ ఏడు చలి తగ్గుతుండగా మండలం ఆఫీసు నుంచి ఒక సారు వచ్చాడు. నా ఈడువాడే. మైదానం మనిషి, కాంట్రాక్టు ఉద్యోగం, మా ఏటవాలు ఎక్కేసరికి మాట్లాడ్డానికి గాలి చాల్లేదు. గాలి వచ్చాక చెప్పింది ఇది: కొండ మట్టి కొట్టుకుపోకుండా, వాన నీరు ఊరికే పల్లానికి పారిపోకుండా, పట్టా ఉన్న రైతు నేలలో ప్రభుత్వం నీటికుంట తవ్విస్తుంది. తవ్విన కూలి కూడా మాకే వస్తుంది. మా అయ్య ఆ మాట మళ్ళీ చెప్పించుకున్నాడు. ప్రభుత్వం మా నేల గురించి మాట్లాడ్డం ఆయనకు కొత్త కాదు. ఇన్నాళ్ళూ అక్కడ గునపం పెట్టొద్దు అనేది. పెట్టండి, కూలి ఇస్తాం అనడమే కొత్త.

సారు మొదట సున్నంతో గీతలు గీసింది కింద పొలం మూలన. అదే సరైన చోటు. కొండ మీది నీరంతా చివరికి అక్కడికే వస్తుంది, దాని కింద ఇళ్ళేమీ లేవు. కాని అప్పటికి ఇటికల పండగ రాలేదు. చైత్రంలో వచ్చే ఆ పండగకు ప్రతి ఇంటివాళ్ళూ విత్తనాలు తెచ్చి దేవుడి ముందు పోస్తారు. దిశారి, అంటే ఊరికి మంచిరోజులు చూసి చెప్పే పెద్దాయన, పూజ చేసి ఆ విత్తనాలు తిరిగి పంచుతాడు. అంతవరకు విత్తే నేలకు ఇనుము తగలకూడదు. నేల నిద్రపోతూ ఉంటుంది, లేపితే చిరాకు పడుతుంది అంటారు. నా సంగతీ అంతే కాబట్టి ఈ నమ్మకాన్ని నేనెప్పుడూ తప్పుపట్టలేదు.

సారుకు ఈ నిద్ర సంగతి చెబితే ఆయన ముఖం వాడిపోయింది. మార్చి దాటితే ఆ నిధులు వెనక్కి పోతాయట. ప్రభుత్వానికీ ఒక పండగ ఉందని, అది మార్చి నెలాఖరులో వస్తుందని, ఆ పండగలోపు ఎక్కడో ఒకచోట గొయ్యి కనపడకపోతే పెద్ద దోషమని నాకు ఆ రోజే తెలిసింది. మా పండగ దాకా తవ్వకూడదు, వాళ్ళ పండగ దాటితే తవ్వించలేరు. మధ్యలో అయ్య కుంట ఎక్కడ చెయ్యి జారిపోతుందోనని సారు ముఖం, దిశారి ముఖం మార్చి మార్చి చూస్తూ నిలబడ్డాడు.

దారి చూపించింది దిశారే. "ఇత్తనం పడని నేలకి నిద్దరేటి, మెలకువేటి? పైన ఆ మెట్టు మీద తవ్వుకోండి" అన్నాడు.

పైన మెట్టు అంటే వాలు మధ్యలో చాపంత చదును. అక్కడ ఎప్పుడూ ఏదీ విత్తలేదు, మేకలు మేసేవి. అందరికీ ప్రాణం లేచొచ్చింది. సారు వెంటనే పైకెక్కి సున్నం చల్లేశాడు. ఆ మెట్టు కింద పనసచెట్లు, పనసచెట్ల కింద మా మామ్మ ఇల్లు. సారుకు చెట్లే కనిపించాయి. ఇల్లుందని మిగిలిన మా అందరికీ తెలుసు. అందరికీ తెలిసిందే కదా అని ఎవరూ పైకి చెప్పలేదు.

మామ్మ అంటే అయ్య తల్లి. మేం పక్క మిట్ట మీద కొత్త ఇల్లు వేసుకున్నా ఆమె పాత ఇంట్లోనే ఉండిపోయింది. మామీద కోపంతో కాదు. మా ఇంటి విత్తనాలు ఉండేది ఆ ఇంట్లో. పొయ్యి పైన దూలానికి సొరబుర్రలు వేలాడుతుంటాయి, ఒక దాంట్లో చోళ్ళు, ఒక దాంట్లో సామలు, ఒక దాంట్లో కందులు. ఆ పొగలోనే అవి పురుగు పట్టకుండా ఉంటాయి. ఆ పొగలోనే మామ్మ కూడా పురుగు పట్టకుండా ఉందని నేను అనేదాన్ని. దానికి ఆమె నన్ను కర్రతో కొట్టేది, కర్ర తగలనంత మెల్లగా.

మా ఊళ్ళో ఒకరి పనికి ఊరంతా వస్తుంది. తవ్వకం బేగి అయిపోయింది. తీసిన మట్టిని కింది వైపు గట్టుగా పోశారు. తొక్కి గట్టిచెయ్యాలని అమ్మ అంటూనే ఉంది, ఈలోపు బోర్డు వచ్చింది. పథకం పేరు, పని పేరు రాసే సిమెంటు బోర్డు. అది లేకుండా ఫొటో తీస్తే పని జరిగినట్టు కాదట. మా కొండ మీద ఇటుక, సిమెంటు పెట్టి కట్టిన మొదటి కట్టడం అదే. బడికి పక్కా గోడ లేదు, బోర్డుకు పునాది ఉంది. దారిలోంచి కనపడాలని దాన్ని గట్టు మీద ఎడమ మూలన నిలబెట్టారు. ఆ మూల కాస్త పల్లం. మూల దాటితే గెడ్డ, అంటే వానాకాలంలో పారే మా వాగు.

ఆ రోజు అమ్మ సారును ఒకే ఒక్క మాట అడిగింది. "నిండిపోతే నీళ్ళెటెల్తాయి సారూ?"

మిగులు నీరు పోవడానికి అలుగు కట్టాలని, అది ఈ ఎస్టిమేట్లో లేదని, వానలకు ముందు వేరే పనిగా పెట్టిస్తానని ఆయన చెప్పాడు. నిజంగానే పెట్టించాలనుకున్నాడు. అప్పటిదాకా నీళ్ళు బోర్డు చదువుకుంటూ కూర్చుంటాయిలే అని నేనన్నాను. అందరూ నవ్వారు. అమ్మ నవ్వలేదు. మా ఇంట్లో నా మాటలకు నవ్వని ఏకైక మనిషి ఆమె, అందుకే ఆమె ముఖం చూసి అప్పుడప్పుడు నాకు చలి వేస్తుంది.

పండగ వచ్చింది, విత్తనాలకు పూజ అయింది, బుర్రలు మళ్ళీ మామ్మ దూలం ఎక్కాయి. అక్కణ్ణుంచి విత్తే రోజు దాకా ఆ విత్తనాలు గడప దాటకూడదు. దాటడమంటూ ఉంటే పొలానికే.

అలుగు మంజూరు కాకముందే వాన మంజూరైంది. ఎండాకాలం ఇంకా పోలేదు. ఒడిశా వైపు నుంచి నల్లగా లేచిన మబ్బు మా కొండ మీద కూర్చుని, ఇక్కడ బాగుంది అనుకున్నట్టు లేవడం మానేసింది. రెండో రోజు మధ్యాహ్నం అన్నం తిని, గిడుగు నెత్తిన పెట్టుకుని కుంట చూసొద్దామని పైకెళ్ళాను. ఆకులతో అల్లిన ఆ గొడుగు మీద వాన చప్పుడు ఎంత ఉందంటే, నా ఆలోచన నాకే వినపడలేదు. అదీ మంచిదే అయింది.

కుంట అంచులదాకా నిండి ఉంది. నీళ్ళు అంబలి రంగులో ఉన్నాయి. నాకు నచ్చనిది ఆ నీళ్ళు కాదు, గట్టు. దాని మీద పొడుగునా ఒక నెర్రె విచ్చుకుంది. నా చెయ్యి మణికట్టు దాకా పట్టింది. ఎందుకు పెట్టి చూశానో తెలియదు. లోపల మట్టి మెత్తగా, వెచ్చగా ఉంది, ఏదో జంతువు నోట్లో చెయ్యి పెట్టినట్టు. తీసేశాను. వంగి గట్టు కిందికి చూస్తే, దాని అడుగున చిన్న ఊట. ముందు తేటగా వచ్చింది. నేను చూస్తుండగానే బురదగా మారింది. దాని కింద పనసచెట్లు, పనసచెట్ల మధ్య పొగ. మామ్మ పొయ్యి వెలిగించింది.

ఏదో ఒక జోకు వేసుకుందామని చూశాను. రాలేదు. నా జీవితంలో అలాంటిది అదే మొదలు. అప్పుడు నిజంగా భయమేసింది.

అయ్య, అమ్మ కూడా అదే అనుమానంతో గునపం, పార పట్టుకుని నా వెనకే వచ్చారు. మిగతా ఊరు గెడ్డ అవతల ఉంది, ఆ పోటులో దాటి రాలేరు. అయ్య ఒకసారి చుట్టూ తిరిగి చూశాడు. ఎక్కడో ఒకచోట గట్టు కొట్టి నీళ్ళు వదలాలి. కుడి వైపు కొడితే మామ్మ ఇంటి మీదికే. మధ్యలో కొడితే ఇంకా సూటిగా. ఎడమ మూల కొడితే గెడ్డలోకి పోతాయి. ఎడమ మూలన బోర్డు ఉంది, పునాదితో సహా.

అయ్య గునపం పట్టుకుని బోర్డు ముందు ఆగిపోయాడు. "సర్కారు బోర్డిది. ఇరగ్గొడితే కేసెడతారు" అన్నాడు.

నవ్వొచ్చే మాటే. కాని అయ్య సంగతి మాకు తెలుసు. ఒకసారి వెదురు కొట్టుకొస్తుంటే ఫారెస్టు వాళ్ళు పట్టుకుని ఆఫీసు మెట్ల మీద పొద్దుటినుంచి పొద్దుగూకే దాకా కూర్చోబెట్టారు. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. ఊరికే కూర్చోబెట్టారు, అంతే. అప్పట్నుంచి అచ్చయిన అక్షరం దేన్నీ ఆయన పాడుచెయ్యడు. బస్సు టిక్కెట్టు కూడా ఇంటికి తెచ్చి చూరులో దోపుతాడు. ఆయన చదువుకోలేదు కాబట్టి ఏ అక్షరం ఎప్పుడు కేసు అవుతుందో చెప్పలేడు. అందుకని అన్నిటికీ భయపడతాడు. ఇప్పుడు వెనక కుంట, ముందు బోర్డు, కింద తల్లి. 

అమ్మ నా వైపు తిరిగింది. "నువ్వెల్లి మామ్మని పట్రా. బేగి."

పనసచెట్ల మధ్యనుంచి దిగాననడం గొప్ప, జారాను. మామ్మ పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. వెనక గోడ కింది నుంచి సన్నగా నీరు లోపలికి వస్తోంది. ఆమె దానికి అడ్డంగా పాత గోనె మడిచి పెట్టింది. కుంట తెగేలా ఉంది, లే, పోదాం అన్నాను. ఆమె దూలం వైపు చూసింది.

"దిశారి ఇంకా రోజు సెప్పనేదు. ఇత్తనం గడప దాటకూడదు" అంది.

"ఇత్తనం దాటొద్దు. నువ్వు దాటు."

"దాన్ని ఒగ్గీసి నానెలగొస్తానే గుంటా? పురిట్లో పిల్లని ఒగ్గీసి ఎవులైనా ఎల్లిపోతారేటి?"

"కుంట తెగితే అదే దాటీసుద్ది. నిన్ను కూడా తోడు తీసుకెల్తాది."

మామ్మ పళ్ళు లేని నోరంతా తెరిచి నవ్వింది. "బాగా సెప్పినావు. కూకో" అంది.

నా జోకులన్నిట్లో అంత బాగా నవ్వించింది అదే. అంత పనికిరానిదీ అదే. ఎత్తుకుపోదామని నడుం చుట్టూ చేతులు వేశాను. ఆమె బరువేమీ లేదు, కాని పొయ్యి పక్క రాటను రెండు చేతులా పట్టుకుంది. ఇల్లంతా పెకలిస్తే తప్ప ఆమె రాదు. ఆ పని కుంట చూసుకునేలా ఉంది.

బయటికి పరుగెత్తి పైకి కేకేశాను. వానలో నా కేక నా ముక్కు దాటలేదు. గడప దగ్గర నిలబడ్డాను. పక్క మిట్టకు, మా ఇంటికి, దారి తెరిచే ఉంది. నా కాళ్ళు అటు పోవాలని చాలా మర్యాదగా అడుగుతున్నాయి. లోపల మామ్మ గోనెను ఇంకో మడత వేసింది. వెళ్ళి పక్కన కూర్చున్నాను. ధైర్యమని ఎవరూ అనుకోవద్దు. ఒక్కదాన్నే బయట నిలబడి చూడ్డం కన్నా లోపల కూర్చోవడం తేలిక అనిపించింది.

"మీ అయ్య ఏటి సేత్తన్నాడు?" అనడిగింది మామ్మ.

"బోర్డు సదువుతన్నాడు."

అప్పుడు వినిపించింది, సిమెంటు మీద ఇనుము. ఒక దెబ్బ, ఆగి ఇంకో దెబ్బ. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎవరో తిడుతున్న చప్పుడు. మాటలు తెలియలేదు గాని ఆ తిట్ల వరస నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు. గునపం అమ్మ చేతికి మారింది. తర్వాత ఇంకో చప్పుడు కలిసింది, పారతో మట్టి లాగుతున్నది. అది అయ్య. బోర్డుకు భయపడే మనిషి మట్టికి భయపడడు.

ఉన్నట్టుండి రెండు చప్పుళ్ళూ ఆగిపోయాయి.

ఆ ఆగడం ఎంతసేపో చెప్పలేను. తర్వాత కొండ గొంతు సవరించుకున్నట్టు లోతైన శబ్దం. నీరు కదిలింది. ఎటు కదిలిందో చప్పుడును బట్టి తెలియదు. చప్పుడు అన్ని వైపులా ఉంది. వెనక గోడ మీది మట్టి పెచ్చు ఊడి పొయ్యిలో పడింది. దూలానికి బుర్రలు ఊగాయి. మామ్మ చెయ్యి వచ్చి నా చేతిని పట్టుకుంది.

"బయపడతన్నావేటే?"

"నేదు" అన్నాను.

"నాను బయపడతన్నాను" అంది మామ్మ, ఆకలేస్తోంది అన్నట్టు.

 ఆమె చెయ్యిని రెండు చేతులతో పట్టుకున్నాను. అలా కళ్ళు మూసుకుని ఇద్దరం కూర్చున్నాం. గోనె తడిసి మా కాళ్ళ కిందికి నీరు వచ్చింది. పాదాలు మునిగాయి. ఇంకా పెరుగుతుందని ఎదురుచూశాను. పెరగలేదు.

కళ్ళు తెరిచి గడప లోంచి చూస్తే ఎర్రటి నీరు ఇంటి పక్కగా, అరుగును రాసుకుంటూ, గెడ్డ వైపు పోతోంది. కోళ్ళ గూడు పోతోంది, అదృష్టం కొద్దీ కోళ్ళు అటక మీద ఉన్నాయి. దాని వెనక మా కొత్త కాఫీ మొక్కలు, నీడకోసం నాటిన సిల్వర్ ఓకు మొక్కలు. అవి ఇంకో ఆఫీసు వాళ్ళు ఇచ్చినవి. ఒక శాఖ ఇచ్చిన నీళ్ళు ఇంకో శాఖ ఇచ్చిన మొక్కల్ని వెంటబెట్టుకుని పోతున్నాయి. శాఖల మధ్య సమన్వయం అంటే ఏమిటో అప్పుడు చూశాను. అన్నిటి తర్వాత బోర్డు ముక్క వచ్చి, గుమ్మం పక్క రాయికి తగిలి, రాతలు పైకి పెట్టుకుని ఆగింది. 'సంరక్షణ' అన్న మాట ఒక్కటే పూర్తిగా మిగిలింది. మామ్మకు చదివి వినిపించలేదు. కొన్ని జోకులు ప్రభుత్వమే వేస్తే మనం మధ్యలో దూరకూడదు.

అమ్మ, అయ్య నడుం దాకా బురదతో దిగి వచ్చారు. అయ్య తల్లి ముందు కూలబడ్డాడు. అమ్మ దూలం వైపు చూసి, బుర్రలు లెక్కపెట్టుకుని, అప్పుడు మామ్మను తిట్టడం మొదలుపెట్టింది. చాలా బాగా తిట్టింది. మామ్మ తల ఊపుతూ విన్నది.

దారి తెగిపోవడంతో సారు కొన్నాళ్ళకు గాని రాలేకపోయాడు. ఆయన రాకముందే అయ్య మంచి చొక్కా తొడుక్కుని గట్టు మీద నిలబడి ఉన్నాడు, పట్టుకుపోతే ఆ చొక్కాతో పోదామని. "తప్పయిపోనాది సారూ, బోర్డు ఇరిసీసినాం" అన్నాడు చేతులు జోడించి.

సారు బోర్డు మాట పట్టించుకోలేదు. గట్టుకు కొట్టిన గండిలో నిలబడి కిందికి చూస్తున్నాడు. వరద పనస కొమ్మల్ని విరిచేసింది, ఇప్పుడు ఇంటి కప్పు తేటగా కనపడుతోంది.

"ఆ ఇంట్లో ఎవరుంటారండి?" అని అడిగాడు.

"మా అమ్మ" అన్నాడు అయ్య.

సారు అక్కడే తడి మట్టిలో కూర్చున్నాడు. ముఖం తెల్లబోయింది. ఆయన ఉద్యోగం గురించి భయపడ్డాడో, మామ్మ గురించో నాకు తెలియదు. రెండూ అయి ఉండొచ్చు, ఒక భయం ఇంకో భయానికి పక్కన చోటిస్తుంది. కాసేపటికి లేచి, ప్యాంటు మడిచి, గెడ్డలోంచి రాళ్ళు మోశాడు. ఊరంతా వచ్చింది. గండి ఉన్న చోటే రాళ్ళు పేర్చి అలుగు కట్టాం, ఏ ఎస్టిమేట్లోనూ లేనిది. వెళ్ళేటప్పుడు, కొత్త బోర్డు వస్తుందని, ఎక్కడ పెట్టమంటారని అడిగాడు.

"నీళ్ళకి అడ్డునేని సోట" అంది అమ్మ.

తర్వాత దిశారి రోజు చెప్పాడు. మామ్మ బుర్రలు దించి తనే గడప దాటించింది. విత్తనాలు నేలలో పడ్డాయి. ఆ వారంలోనే మళ్ళీ మబ్బు పట్టింది. నేను చెప్పులు వెతుక్కుంటున్నాను, మామ్మను ఎలా ఒప్పించాలా అని మాటలు కూడబలుక్కుంటున్నాను. చూద్దును కదా, చాప చుట్టి చంకన పెట్టుకుని ఆమె మా గుమ్మంలో ఉంది. మొదటి చినుకు ఇంకా పడలేదు.

"ఏటలగ సూత్తన్నావు? ఇత్తనం ఎల్లిపోనాది కదా. ఒట్టింట్లో నాకేటి పని?" అంది, నన్ను పక్కకు నెట్టి లోపలికి పోతూ.

ఇప్పుడు కుంటలో నీళ్ళున్నాయి. ఎండల్లో కూడా కాఫీ మొక్కలకు అందుతున్నాయి, ఆ మాట చెప్పకపోతే అన్యాయం. అలుగు కూడా నిలబడింది. కాని కోతలయ్యాక కొత్త విత్తనం మళ్ళీ ఆ దూలమే ఎక్కుతుంది. దానితోపాటు మామ్మ కూడా ఆ కుంట కింది ఇంటికి పోతుంది. విత్తనాలకు మా ఇంట్లో ఇంకో దూలం ఇవ్వొచ్చా అని దిశారిని అడిగాను. అలా ఎవరూ ఎప్పుడూ అడగలేదన్నాడు. ఆలోచించి చెప్తానన్నాడు. వెళ్ళినప్పుడల్లా ఇంకా ఆలోచిస్తూనే కనపడుతున్నాడు. ఆయన తేల్చేదాకా, వాన వెలిసిన ప్రతిసారీ నేను పైకెళ్ళి గట్టు మీద చెయ్యి పెట్టి చూస్తున్నాను, జ్వరం చూసినట్టు.